మానినవాని మాట

కచదేవయానుల కథను తరగతిలో చెప్పని తెలుగు ఉపాధ్యాయుడు అరుదు. రాక్షసులు కచుని చంపి, దహించి, ఆ బూడిదను మద్యంలో కలిపి శుక్రాచార్యుల చేత త్రాగించినారు. మృతసంజీవని ఎరిగిన మహానుభావుడు, రాక్షసకులానికంతటికీ గురువు, తన ప్రియశిష్యుని బూడిదను తానే త్రాగుతూ గుర్తింపలేకపోయినాడు. తెలిసిన పిమ్మట పశ్చాత్తాపం చెంది, మద్యపానం మహాపాతకమని శాసించినాడు. ఈ ఘట్టం రాగానే మనం పుస్తకం మూసి, విద్యార్థుల వంక ఒకసారి గంభీరంగా చూసి, "కావున మద్యపానం కూడదు" అని నీతి చెప్పి, గంట కొట్టగానే బయటికి వస్తాము. పాతికేండ్లకు పైగా నేనూ ఇట్లాగే చెప్పినాను.

మన వాఙ్మయంలో మద్యనిందకు కొదవ లేదు. మౌసలపర్వంలో యాదవులు తప్పత్రాగి ఒకరినొకరు మోదుకొని చచ్చినారు. కాళ్ళకూరి నారాయణరావుగారు చింతామణితో, వరవిక్రయంతో ఊరుకొనక "మధుసేవ" నాటకం కూడ వ్రాసినారు. హరికథలలోను, బుర్రకథలలోను త్రాగరాదని చెప్పే మాటలు కోకొల్లలు. అయితే త్రాగుడులో ఇదివరకే పడినవాడు, పడినానని తెలిసినవాడు, బయటపడవలెనని మనసారా కోరుతున్నవాడు, రేపు ఉదయం లేచి ఎక్కడికి పోవలెను? ఎవరిని అడుగవలెను? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని నాకు తెలియజెప్పినవాడు నా బాల్యమిత్రుడు.

ఆయన ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. మేమిద్దరం ఒకే గదిలో ఉండి చదువుకొన్నవాళ్ళం. పేరు, ఊరు చెప్పను. ఈ మాత్రం వ్రాయడానికి ఆయన అనుమతి ఉన్నది. ఆయన పద్యం చదివితే వెనుకబల్ల మీద కునికే పిల్లవాడు కూడ తల ఎత్తేవాడు. కచుని పాఠం ఆయన చెప్పినంత చక్కగా నేను చెప్పలేను. అటువంటివాడు సాయంకాలం బడి విడిచిన తరువాత ఒక్క గ్లాసుతో ఆరంభించి, కొన్నేండ్లకు, ఉదయం చేయి వణకకుండా సుద్దముక్క పట్టుకొనడానికి కూడ త్రాగవలసిన దశకు వచ్చినాడు.

నేను చేయవలసినదంతా చేసినాననే అనుకొన్నాను. బోధించినాను, చీవాట్లు పెట్టినాను, కొన్నాళ్ళు మాటలు మానినాను. ఆయన వెంకన్న మీద ఒట్టు పెట్టుకొన్నాడు. కూతురి తల మీద చేయి వేసి ప్రమాణం చేసినాడు. చేసిన క్షణంలో ఆ ప్రమాణం అబద్ధం కాదు. మూడవనాటికి అది నిలువలేదు, అంతే. ఒకనాటి రాత్రి నేను మళ్ళీ నా ఉపన్యాసం ఎత్తుకోగా ఆయన చేయెత్తి ఆపినాడు.

"ఒరే, నువ్వు చెప్పేదంతా నాకు తెలుసురా. పిల్లలకు నీకంటే బాగా చెప్పగలను. తెలిసి కూడా మానలేకపోవడం ఎట్లా ఉంటుందో ఎరిగినవాడు, ఎరిగి మానినవాడు, ఎవడైనా ఉంటే వాడి దగ్గరకు తీసుకుపో."

నేను పుస్తకాలు చాల ఎరుగుదును. అటువంటి మనిషి చిరునామా ఒక్కటి ఎరుగను.

ఏక్రన్ పట్టణంలో ఆరు గంటలు

నా మిత్రుడు అడిగినటువంటి మనిషినే 1935వ సంవత్సరం మే నెలలో అమెరికా దేశంలో మరొకడు వెదకినాడు. అయితే అతడు మానినవాని కొరకు కాదు, త్రాగేవాని కొరకు వెదకినాడు.

విలియం విల్సన్ న్యూయార్కులో వాటాల వ్యాపారం చేసి, త్రాగుడు వలన సర్వం పోగొట్టుకొని, 1934 డిసెంబరులో ఆసుపత్రిలో చేరి మానినాడు. మానిన ఐదు నెలలకు ఒక వ్యాపార వ్యవహారం మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణానికి వెళ్ళగా, అది కాస్తా చెడిపోయినది. చేతిలో డబ్బు లేదు, ఊరు క్రొత్త. హోటలు ముందుగదిలో ఒంటరిగా నిలుచున్నాడు. ఒక ప్రక్క పానశాలనుండి నవ్వులు వినవస్తున్నవి. మరొక ప్రక్క ఊరిలోని చర్చీల పట్టిక, టెలిఫోను ఉన్నవి. ఆ క్షణంలో అతనికి ఒక సంగతి స్ఫురించినది: తాను త్రాగకుండా ఈ రాత్రి గడవవలెనంటే తనవంటి త్రాగుబోతు మరొకడు కావలెను, అతనితో కూర్చుండి మాట్లాడవలెను.

ఒకరి తరువాత ఒకరికి ఫోను చేయగా చేయగా, చివరకు ఒక ఇల్లాలు అతని మాట నమ్మి, తనకు తెలిసిన డాక్టరు రాబర్ట్ స్మిత్ అనే శస్త్రవైద్యుని రప్పించినది. ఆ డాక్టరుగారు మే 12వ తేదీ ఆదివారం సాయంకాలం ఐదు గంటలకు, పదిహేను నిమిషాలకు మించి కూర్చుండనని ముందుగానే షరతు పెట్టి వచ్చినారు. రాత్రి పదకొండు దాటేవరకు కదలలేదు.

ఏమి జరిగినది? మద్యం శరీరానికి చేసే చెరుపును శస్త్రవైద్యునికి ఒకరు చెప్పవలసిన పని లేదు. బోధలు ఆయన అదివరకే చాల విన్నారు. విల్సన్ బోధించలేదు, తన కథ తాను చెప్పుకొన్నాడు. ఎట్లా దాచి త్రాగినదీ, ఎట్లా బొంకినదీ, ఎట్లా ఒట్లు పెట్టి తప్పినదీ వరుసగా చెప్పినాడు. అనుభవంతో త్రాగుడును ఎరిగి తనతో మాట్లాడిన మొదటి మనిషి ఇతడేనని డాక్టరుగారు తరువాతి కాలంలో వ్రాసుకొన్నారు. పిమ్మట ఒకసారి ఆయన మళ్ళీ జారినారు. ఆ జారుడు తరువాత, జూన్ 10వ తేదీన, కడపటి గ్రుక్క త్రాగినారు. ఆ తేదీనే "ఆల్కహాలిక్స్ ఎనానిమస్" సంఘం తన పుట్టినరోజుగా పాటిస్తున్నది. తెనుగున చెప్పవలెనంటే "పేరు చెప్పుకొనని మద్యబాధితులు" అనవలెను. క్లుప్తంగా ఏ.ఏ. అంటారు. ఇద్దరూ కలిసి ఆసుపత్రిలో పడియున్న ఒక న్యాయవాది దగ్గరకు వెళ్ళినారు; అతడు మూడవవాడు. 1939లో తమ అనుభవాలను పుస్తకంగా ప్రకటించేనాటికి వారు సుమారు నూరుగురు. నేడు దాదాపు 180 దేశాలలో లక్షకు పైగా సమూహాలు ఉన్నవి.

ఇటువంటి ప్రయత్నం అంతకు పూర్వం లేకపోలేదు. 1840లో బాల్టిమోరు నగరంలో ఆరుగురు త్రాగుబోతులు కూడి, తాము మాని, ఇతరులచేత మాన్పించడానికి వాషింగ్టన్ పేరిట ఒక సంఘం పెట్టినారు. కొద్ది సంవత్సరాలలో లక్షలాది మంది ప్రతిజ్ఞాపత్రాల మీద సంతకాలు చేసినారు. అయితే ఊరేగింపులు, ఉపన్యాసాలు, మద్యనిషేధ రాజకీయాలు వచ్చి పడి, అసలు పని మరుగున పడి, ఆ సంఘం పదేండ్లు తిరుగకుండానే అణగారినది. ఏ.ఏ. వారు 1950లో క్లీవ్‌లాండులో కూడి పన్నెండు సంప్రదాయాలను అంగీకరించినప్పుడు ఈ ప్రమాదాలన్నిటికీ అడ్డుకట్ట వేసుకొన్నారు: బయటి వివాదాలలో అభిప్రాయం చెప్పరాదు, బయటివారి విరాళం పుచ్చుకొనరాదు, పత్రికలలో సభ్యుని పేరు రారాదు, చేరడానికి త్రాగుడు మానవలెననే కోరిక ఒక్కటే అర్హత.

ఆ గదిలో ఏమి జరుగుతుంది?

నా మిత్రుని మొదటి భయం ఇదే. "నలుగురి ముందు నిలబెట్టి చెప్పమంటారేమో? హాజరుపట్టీ ఉంటుందేమో? ఎవరైనా తలిదండ్రులు చూస్తే నా ఉద్యోగం ఏమి కాను?" అని అడిగినాడు. తెలుసుకొన్నంతవరకు చెప్తాను.

హాజరుపట్టీ లేదు. రుసుము లేదు. ఇంటిపేరు అడుగరు. వచ్చినవారు ఒక గంటో, గంటన్నరో కూర్చుంటారు. ఒకరు నడిపిస్తారు; ఆయన కూడ మద్యబాధితుడే గాని అధికారి కాడు. ఒకరి తరువాత ఒకరు తమ సంగతి చెప్తారు. ఒకరు చెప్పేటప్పుడు మరొకరు అడ్డు తగలరు, సలహా ఇవ్వరు, తీర్పు చెప్పరు. చెప్పదలచుకొననివాడు ఊరక వినవచ్చును. చివర ఒక టోపీయో సంచియో తిరుగుతుంది. సభ్యులు ఇవ్వగలిగినది వేస్తారు. గది అద్దెకు, టీనీళ్ళకు అది చాలును. అక్కడ విన్నది అక్కడనే విడువవలెను.

సమావేశాలు రెండు విధాలు. త్రాగుడు మానదలచినవారికి మాత్రమే ప్రవేశం ఉన్నవి కొన్ని. బంధువులు, వైద్యులు, ఆసక్తి కలవారు ఎవరైనా వచ్చి వినదగినవి కొన్ని. క్రొత్తగా వచ్చినవానికి పాత సభ్యుడొకడు తోడుగా నిలుస్తాడు. అర్ధరాత్రి మనస్సు లాగినప్పుడు సీసా బదులు ఫోను అందుకొనడానికి ఆ తోడు. "జన్మలో త్రాగను" అని ఎవరిచేతనూ ప్రమాణం చేయించరు. ఈ ఒక్కరోజు, ఈ ఇరువదినాలుగు గంటలు త్రాగకుండా ఉండమంటారు. రేపటి సంగతి రేపు. కూతురి తల మీద చేయి వేసి యావజ్జీవితానికి ఒట్టు పెట్టి మూడవనాడు విరిగిపోయినవానికి ఈ లెక్క ఎంత ఊరటయో, ఆ ఒట్టు వేయించిన నాకు ఆలస్యంగా బోధపడినది.

వీరు అనుసరించే పన్నెండు మెట్లలో దైవప్రసక్తి ఉన్నది. ఎవరికి తోచిన దైవం వారిదేనని అక్కడనే చెప్పినారు గాని, అది రుచింపనివారు కొందరుంటారు. అటువంటివారికై దైవప్రస్తావన లేకుండా, ఆలోచనల అభ్యాసం మీద ఆధారపడి నడిచే సంఘాలు కూడ ఉన్నవి. 1994లో అమెరికాలో ఆరంభమైన స్మార్ట్ రికవరీ అట్టిది. స్త్రీలకు ప్రత్యేకంగా 1975లో మరొక సంఘం వెలసినది. ఒక మందు పడనివాడు వైద్యమే దండుగ అనరాదు గదా!

"ఇదంతా కబుర్లే గాని పనిచేస్తుందా?" అని సైన్సు ఉపాధ్యాయులు అడుగుతారు. అడుగవలసిన ప్రశ్నే. 2020లో కోక్రేన్ సంస్థవారు 27 అధ్యయనాలను, పదివేల పైచిలుకు మనుషుల ఫలితాలను క్రోడీకరించి పరిశీలించినారు. పద్ధతి ప్రకారం రోగిని ఏ.ఏ. వంక నడిపించిన చికిత్స, పేరుపొందిన ఇతర మానసిక చికిత్సలకు తీసిపోలేదు. ఎడతెగకుండా మానియుండే విషయంలో వాటికంటె కొంత మిన్నగానే ఉన్నదని తేల్చినారు. అందరికీ నయమవుతుందని దీని అర్థం కాదు. కబుర్లని త్రోసివేయరాదని మాత్రం అర్థం.

మన నేల మీద

ఈ సంఘం మన దేశంలో 1957లో బొంబాయిలో కాలూనినది. అయినా ఇరుగుపొరుగున ఉన్నవారికి కూడ దాని ఉనికి తెలియకపోవడం మన దురదృష్టం. 2018లో కేంద్రప్రభుత్వం తరఫున అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ జరిపించి, 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, పది మొదలు డెబ్బదియైదేండ్ల వరకు వయస్సు గలవారిలో మద్యం త్రాగేవారు సుమారు 16 కోట్లు. అందులో మద్యానికి పూర్తిగా లోబడిపోయినవారు సుమారు 2.9 కోట్లు. ఇట్లా లోబడినవారిలో ఏదో ఒక విధమైన చికిత్స పొందినామని చెప్పినవారు ముప్పది ఎనిమిది మందిలో ఒక్కరు! తక్కిన ముప్పది ఏడుగురు ఇండ్లలో, అరుగుల మీద, కొట్ల ముందు, తరగతి గదులలో కూడ ఉన్నారు. వారికి నీతి తెలియక కాదు, దారి తెలియక.

మద్యం మీద మన తెలుగుదేశం చేసిన పోరాటం సామాన్యమైనది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకొంటున్న స్త్రీలు, వాచకంలోని సీతమ్మ కథ చదివి, అది తమ కథయేనని గుర్తించి, 1992లో సారా కొట్టుకు ఎదురు నిలిచినారు. వర్ధినేని రోశమ్మగారి పేరు ఆనాడు రాష్ట్రమంతటా మారుమ్రోగినది. 1993 అక్టోబరు 1నుండి సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16నుండి సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది. 1997లో అది సడలినది.

నిషేధం మంచిచెడ్డలు ఇక్కడ నా ప్రస్తుతాంశం కాదు. నా మనస్సులో నిలిచినది ఆ రాత్రిబడి. ఒక్కొక్క ఇల్లాలు తన మగని త్రాగుడు తన ఖర్మ అనుకొని తలుపులు మూసుకొని ఏడ్చినంతకాలం ఏమీ జరుగలేదు. నలుగురు ఒక దీపం చుట్టూ కూర్చుండి, "నీ ఇంట్లోనూ ఇంతేనా?" అని అడిగిన రాత్రి కదలిక వచ్చినది. ఏక్రన్‌లోని ఇద్దరు మగవారికి, దూబగుంట స్త్రీలకు పోలిక ఇక్కడ ఉన్నది. అయితే ఆ ఉద్యమం కొట్టు మూయించగలిగినది. కొట్టుకు అలవాటుపడిన శరీరాన్ని, మనస్సును కూర్చుండబెట్టి మాట్లాడించే చోటు మాత్రం ఊరూరా ఏర్పడలేదు.

ముందు వైద్యుడు

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే ఈ వ్యాసం మేలు కంటె కీడే చేయును. సంవత్సరాల తరబడి ప్రతిదినం త్రాగినవాడు, రోషం వచ్చి ఒక్కసారిగా మానితే, కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలవుతవి. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చును. రెండవ రోజునుండి నాలుగవ రోజు లోపల కొందరికి మతి తప్పి, లేని పురుగులు, మనుషులు కనిపించి, ప్రాణం మీదికి వస్తుంది. దీనిని "దయ్యం పట్టినది" అని భూతవైద్యుని పిలిచినవారు, "మళ్ళీ కొంచెం పోస్తే సరి" అని పోసినవారు ఇద్దరూ పొరబడినవారే. ఆసుపత్రిలో మందులిచ్చి, బి1 విటమిను ఎక్కించి, ఈ గండం దాటించే పద్ధతి వైద్యులకు బాగా తెలుసును. తెలంగాణలో మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవారికి కూడ ఇటువంటి ఆపదయే కలుగుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన కొట్లన్నీ మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం పోటెత్తడం మనం పత్రికలలో చదివినాము.

కావున ముందు వైద్యుడు, పిమ్మట సమూహం. వైద్యుడు శరీరాన్ని వారం పది దినాలలో ఒడ్డున పడవేస్తాడు. ఇంటికి వచ్చిన పదకొండవనాటి సాయంకాలం ఆరు గంటలకు ఏమి చేయవలెననేది సమూహం నేర్పుతుంది. ఈ రెండిటినీ కలిపి నడిపినవారు మన పొరుగుననే ఉన్నారు. మద్యం వలన భర్తను పోగొట్టుకొన్న శాంతి రంగనాథన్‌గారు 1980లో మద్రాసులో నెలకొల్పిన చికిత్సాకేంద్రం అట్టిది.

చిరునామా కనుగొనుట

మేము పడిన తిప్పలు మరొకరు పడకుండా, దారి ఇట్లా చెప్పవచ్చును.

మొదటిది: మత్తు అలవాట్ల నివారణకు కేంద్రప్రభుత్వం నడిపే ఉచిత టెలిఫోను సంఖ్య 14446. మానసికమైన ఏ బాధకైనా రాత్రింబవళ్ళు తెలుగులో మాట్లాడదగిన "టెలీమానస్" సంఖ్య 14416. ఇది 2022 అక్టోబరులో ఆరంభమైనది. పిలిచినవాడు త్రాగేవాడే కానక్కరలేదు. భార్య పిలువవచ్చును, మిత్రుడు పిలువవచ్చును.

రెండవది: పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగం. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్టణంలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు సుప్రసిద్ధాలు. అక్కడి వైద్యుని, సామాజిక కార్యకర్తను, "మా ప్రాంతంలో ఏ.ఏ. సమావేశం ఎక్కడ, ఏ వారం జరుగుతుంది?" అని సూటిగా అడుగవలెను. సంఘంవారు కూడ ఊళ్ళవారీగా సమావేశాల పట్టికను ఇంటర్నెట్టులో ఉంచుతున్నారు. ఈ సమావేశాలకు సొంత భవనాలు ఉండవు. సాయంకాలం ఖాళీగా ఉండే బడిగది, చర్చి ఆవరణ, ఆసుపత్రి వెనుకగది, ఇవే వాటి ఉనికిపట్లు. బయట పెద్ద బోర్డు ఉండదు గనుక కనబడలేదని వెనుదిరుగరాదు.

మూడవది: ఒక్క సమావేశానికి వెళ్ళి నచ్చలేదని మానరాదు. ఒకచోట ఇంగ్లీషు, మరొకచోట తెలుగు. ఒకచోట పెద్దలు, మరొకచోట కుర్రవారు. నాలుగైదు సార్లు, వీలైతే రెండు మూడు చోట్ల కూర్చుండి చూడవలెను. దూరం అడ్డమైతే, లాక్‌డౌన్ కాలంనుండి విస్తరించిన ఫోను సమావేశాలు ఉండనే ఉన్నవి. ఏదీ లేని పల్లెలో, మానదలచినవారు ఇద్దరుంటే చాలును; మొదటి సమావేశంలో ఉన్నది ఇద్దరే గదా!

నాలుగవది: గోడల మీద, బస్సుల వెనుక "త్రాగేవారికి తెలియకుండా త్రాగుడు మాన్పించబడును" అనే ప్రకటనలు చూస్తాము. మజ్జిగలోనో కూరలోనో మందు కలపడం మహాప్రమాదం. డైసల్ఫిరామ్ అనే మందు ఉన్నది; అది కడుపులో ఉండగా మద్యం త్రాగితే ముఖం కందగడ్డయి, వాంతులై, రక్తపు పోటు పడిపోయి, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును. తెలిసి, ఒప్పుకొని, వైద్యుని కనుసన్నలలో పుచ్చుకొనవలసిన మందు అది. అట్లాగే కొట్టి, కట్టివేసి మాన్పిస్తామనే చోట్ల చేర్పించరాదు. మద్యం వలన కలిగే మానసిక స్థితులు కూడ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోనివే; గొలుసులతో బంధించడాన్ని ఆ చట్టం నిషేధించినది.

బడిలోని బిడ్డ

ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులకు త్రాగే బంధువు లేకపోవచ్చును. త్రాగే తండ్రి ఉన్న విద్యార్థి మాత్రం ప్రతి తరగతిలోను ఉంటాడు. ఇంటిపని చేయనివాడు, మొదటి గంటలో నిద్రపోయేవాడు, స్నేహితులను ఇంటికి పిలువనివాడు, తలిదండ్రుల సమావేశం పేరు చెప్పగానే ముఖం మాడ్చుకొనేవాడు. "మీ నాన్న ఏమి చేస్తాడురా?" అని నలుగురిలో అడిగి నేనొకసారి ఒక బాలికను ఏడిపించినాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తున్నది.

అటువంటి బిడ్డకు విడిగా, మెల్లగా, మూడు మాటలు చెప్పవలెను: ఇది నీ వలన వచ్చినది కాదు, నీవు మాన్పించగలిగినదీ కాదు, నీవు ఒంటరివి కావు. త్రాగేవారి కుటుంబాల కొరకు 1951లో విల్సన్ భార్య లోయిస్ మొదలైనవారు "ఆల్-అనాన్" అనే సంఘం స్థాపించినారు. ఆ ఇండ్లలోని బాలబాలికల కొరకు 1957లో "అలటీన్" ఏర్పడినది. త్రాగేవాడు మానినా మానకపోయినా, ఇంటిల్లిపాది అతని సీసా చుట్టూ తిరుగకుండా బ్రతకడం అక్కడ నేర్చుకొంటారు. ఇంట్లో దెబ్బలు, ఆకలి ఉన్న బిడ్డకు 1098 అనే బాలల సహాయ సంఖ్య తెలియవలెను. గుణింతం నేర్పినవారమే ఈ నాలుగంకెలు కూడ నేర్పవచ్చును.

మిగిలిన సగం కథ

ఇక నా మిత్రుని సంగతి. ఆసుపత్రిలో తొమ్మిది దినాలు ఉన్నాడు. తరువాత సమావేశం కొరకు మేము పిలిచిన మొదటి సంఖ్య పలుకలేదు; రెండవవారు మరొకరి పేరు చెప్పినారు; మూడవ పిలుపుకు ఒక మెత్తని గొంతు, "శనివారం ఆరింటికి రండి. నేను గుమ్మం దగ్గరే ఉంటాను" అన్నది. అది ఒక ప్రాథమిక పాఠశాల. చిన్నపిల్లల బల్లల మధ్య మోకాళ్ళు ఇరుకున పెట్టుకొని పదిమంది కూర్చున్నారు. ఎవరైనా రాదగిన సమావేశం కావడం వలన నేను కూడ వెనుకబల్ల మీద కూర్చున్నాను. అక్కడ విన్నది ఇక్కడ వ్రాయను. బయటికి వచ్చిన తరువాత ఆయన చాలసేపు మాట్లాడలేదు. రిక్షా స్టాండు దగ్గర ఆగి, "నా అబద్ధాలన్నీ వాళ్ళకు ముందే తెలుసురా" అన్నాడు. ఆయన ముఖంలో సిగ్గు లేదు; భారం దిగినవాని అలసట ఉన్నది.

నాలుగు నెలలకు ఒకసారి జారినాడు. నేను హతాశుణ్ణయినాను. వారు మాత్రం శనివారం మళ్ళీ అదే బల్ల మీద చోటు చూపించినారట. ఆ తరువాత రెండు దీపావళులు గడిచినవి. "ఎన్నాళ్ళయిందిరా మాని?" అని అడిగితే లెక్క చెప్పడు. "ఇవాళ త్రాగలేదు" అంటాడు. ఇప్పుడు శనివారాలు గుమ్మం దగ్గర నిలుచుండేవాడు ఆయనే.

మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు నా బల్ల మీద ఆదిపర్వం తెరచి ఉన్నది. చూసి నవ్వి, "కథను శాపం దగ్గర ఆపేస్తావేమిరా? అసలు సంగతి ఆ తరువాత గదా!" అన్నాడు. నిజమే. శుక్రుని కడుపులో ఉన్న కచుడు అక్కడనే సంజీవనీ మంత్రం నేర్చుకొని, గురువు పొట్ట చీల్చుకొని వెలుపలికి వచ్చినాడు. శుక్రుడు ప్రాణం లేక పడియున్నాడు. అతనిని లేపినదెవరు? దేవతలు కాదు, రాక్షసులు కాదు, నీతి చెప్పినవారు కాదు. అదే మద్యంలో బూడిదయై మునిగి, బయటపడినవాడు లేపినాడు. ప్రతి సంవత్సరం ఈ కథ చెప్తూ నేను దానిని దాటిపోయినాను.

ఈ యేడు ఆ పాఠాన్ని చివరివరకు చెప్పినాను. నీతివాక్యం చెప్పలేదు. నల్లబల్ల మూలన 14446 అని వ్రాసి, అది ఏమిటో రెండు మాటలలో చెప్పి, గంట కొట్టేవరకు తుడువకుండా ఉంచినాను. ఎవరూ ఏమీ అడుగలేదు. ఇద్దరు మాత్రం తలలు వంచుకొని వ్రాసుకొన్నారు.